రహదారిపై పోలీసు విచక్షణాధికారం: మోటారు వాహన చట్టాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారుణ్ణి కూడలిలో ఆపిన పోలీసు అధికారి అతణ్ణి మందలించి పంపవచ్చు, లేదా చలానా రాయవచ్చు. ఏది చేయాలన్న నిర్ణయం ఎక్కువ సందర్భాల్లో ఏ దస్త్రంలోనూ నమోదు కాదు. నేరం కనిపించినా చట్టాన్ని ప్రయోగించకుండా వదిలే ఇటువంటి నిర్ణయాలు పైఅధికారుల, న్యాయస్థానాల దృష్టికి రావని అమెరికన్ న్యాయశాస్త్రవేత్త జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1960లోనే ప్రతిపాదించాడు. భారతీయ రహదారి చట్టాల్లో ఈ విచక్షణాధికారం ఎలా మొదలై, ఎటు మళ్లిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వలస పాలనా కాలం

మోటారు వాహనాలు రాకముందే వీధి క్రమశిక్షణ పోలీసుల పరిధిలో ఉంది. 1861 నాటి పోలీసు చట్టంలోని 34వ సెక్షన్ బండ్లను, పశువులను ప్రమాదకరంగా తోలడం, దారికి అడ్డం కలిగించడం వంటి వాటికి 50 రూపాయల వరకు జరిమానా, లేదా 8 రోజుల వరకు ఖైదు విధించింది. తన కళ్లెదుట ఆ నేరం చేసినవారిని వారంటు లేకుండా అదుపులోకి తీసుకొనే అధికారం పోలీసుకు దక్కింది. అయితే అది అధికారమే గాని విధి కాదు. పట్టుకోవాలో వద్దో తేల్చుకొనే స్వేచ్ఛ అక్కడే పుట్టింది. తరువాత వచ్చిన 1914, 1939 మోటారు వాహన చట్టాలు నిబంధనలను విస్తరించాయి.

1988 చట్టం: వెసులుబాటుకు చోటు

1989 జూలై 1న అమలులోకి వచ్చిన 1988 చట్టం విచక్షణకు చట్టబద్ధమైన రూపాలను కూడా ఇచ్చింది. 200వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాలను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన రుసుముతో కోర్టు వెలుపలే పరిష్కరించవచ్చు. వెంట లేని పత్రాలను చూపడానికి కేంద్ర నియమావళి 15 రోజుల గడువిచ్చింది. 2019 సవరణకు ముందు 177వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 100 రూపాయలు మించేది కాదు. స్వల్ప జరిమానా, రోడ్డు పక్కనే పరిష్కారం కలిసి కరుణకూ లంచానికీ ఒకే ద్వారం తెరిచాయి. ప్రసవ వేదనతో ఉన్న స్త్రీని ఆసుపత్రికి తీసుకువెళ్తున్నవాడూ, పలుకుబడి గల పరిచయస్థుడూ ఆ ద్వారం గుండానే బయటపడగలిగారు. బయటివారికి వీరిద్దరి మధ్య తేడా తెలియలేదు.

2019 సవరణ: ‘వచ్చు’ నుండి ‘వలెను’కు

2019 సెప్టెంబరు 1 నుండి అమలైన సవరణ హెల్మెట్ లేనందుకు జరిమానాను 1,000 రూపాయలు చేసింది. అంతకంటే ముఖ్యమైన మార్పు 206వ సెక్షన్‌లో జరిగింది. అతివేగం, మద్యం సేవించి నడపడం, హెల్మెట్ లేకపోవడం వంటి నేరాల్లో లైసెన్సును స్వాధీనం చేసుకొని లైసెన్సింగ్ అధికారికి ‘పంపవలెను’ అని కొత్త ఉపసెక్షన్ ఆదేశించింది. చట్టాన్ని అమలు చేసే అధికారే తప్పు చేస్తే శిక్ష రెట్టింపని 210బి సెక్షన్ చెప్పింది. 2021లో వచ్చిన నియమం 167ఎ కెమెరా ఆధారంగా చలానా జారీకి మార్గం సుగమం చేసింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించిన నేపథ్యంలో కఠినత్వాన్ని కోరేవారి వాదనను తేలికగా తీసివేయలేం.

స్థానం మారిన విచక్షణ

అయినా విచక్షణ అంతరించలేదు, చేతులు మారింది. సవరణ అమలైన నెలలోనే గుజరాత్ ప్రభుత్వం పలు జరిమానాలను తగ్గించింది. తెలంగాణ 2022 మార్చిలో పేరుకుపోయిన చలానాలపై ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ప్రకటించింది. నోటీసు అందగానే చెల్లించినవాడు పూర్తి మొత్తం కట్టాడు, వేచి చూసినవాడు నాలుగో వంతుతో బయటపడ్డాడు. కూడలిలో పోలీసు చూపే దయకు కనీసం ఎదుటి మనిషి ముఖం, అతడు చెప్పే కారణం ఆధారం. సామూహిక రాయితీకి ఆ ఆధారం కూడా లేదు. కెమెరా అందరినీ సమానంగా చూస్తుంది. కానీ దాన్ని ఏ కూడలిలో అమర్చాలన్నది మళ్లీ మనుషుల నిర్ణయమే.

ముగింపు

1861 నుండి నేటి వరకు ఈ చరిత్ర విచక్షణ, కఠినత్వాల మధ్య సూటి పోరు కాదు. వదిలిపెట్టే అధికారం కూడలిలోని పోలీసు నుండి సచివాలయానికీ, సాంకేతిక వ్యవస్థకూ జరిగిన ప్రయాణం. కాబట్టి విచక్షణ ఉండాలా వద్దా అన్నదానికన్నా, అది ఎక్కడ ఉంది, దానికి కారణం నమోదవుతోందా, బాధితుడు దాన్ని ప్రశ్నించగలడా అన్నవే పరిశోధకులు చేపట్టవలసిన ప్రశ్నలు.