అగ్గువ బేసు గిటారు: మంచిచెడ్డల పరీక్ష

సిద్దిపేట ప్రాంతమున ఎల్లమ్మ కథ వినినవారికి బైండ్లవారి జమిడిక కొత్త కాదు. గుల్లగానున్న గుండ్రని పెట్టెకు ఒక ప్రక్క తోలు మూత. ఆ తోలు నడుమ బిగించిన ఒకే ఒక నరపుతంతి. తంతి కొసను చిన్న కర్ర. ఒక చేత కర్రను లాగుచు, సడలించుచు, మరియొక చేత తంతిని మీటినచో స్వరము లోతుగా లేచి వంగును. దానికి మెట్లు లేవు. వాయించువాని చెవియే కొలబద్ద.

పాశ్చాత్య వాద్యబృందములలో మంద్రస్వరమును పలికించు డబుల్ బేసు సైతము మెట్లు లేనిదే. అది మనిషియెత్తు పెట్టె. ఊరూర మోయుట కష్టము. బాకాలు, డ్రమ్ముల హోరులో దాని స్వరము వినబడుటయు కష్టమే. 1930లలో అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నతడు విద్యుత్తుతో పలుకు చిన్న బేసును చేసినాడు గాని అది వ్యాపింపలేదు. నిలిచినది 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ చేసిన వాద్యము. ఈయన అంతకుముందు రేడియోలు బాగుచేయు దుకాణము నడిపిన వాడు. గిటారు వాయించుట ఎన్నడును నేర్వలేదు. మన శ్రోతలకు ఈ సంగతి ముచ్చట గొలుపవచ్చును.

మెట్టుమీద వ్రేలు నొక్కినచో స్వరము గురి తప్పదను అర్థమున దానికి ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టిరి. గుల్ల లేని కొయ్యపలక, దానికి మరలతో బిగించిన దండి, నాలుగు తంతులు. ఒక్క పనివాడు నెలల తరబడి చెక్కనక్కరలేదు. ముక్కలు వేరువేరుగా కోసి కూర్చవచ్చును. బేసు గిటారు తరువాతి కాలమున అగ్గువ యగుటకు బీజము ఇందే యున్నది. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలిచెదరు. దాని మెట్లను మైనములో నిలిపి, స్వరము తప్పినపుడు మరల సరిచేసెదరు. బేసు మెట్లు కొయ్యలో దిగగొట్టినవి. కర్మాగారమున తప్పు జరిగినచో ఇంటిలో దిద్దుట సాధ్యము కాదు.

1965లో ఫెండర్ తన సంస్థను అమ్మివేసెను. అటుపిమ్మట జపానువారు అమెరికా నమూనాలను తక్కువ వెలకు, చక్కని పనితనముతో చేయసాగిరి. చివరకు 1982లో ఫెండర్ కంపెనీయే జపానులో తయారీ ప్రారంభించి, స్క్వయర్ అను పేరున చవక వాద్యములను అమ్మజొచ్చెను. తరువాత కొరియా, ఇండోనేషియా, చైనా దేశములకు ఆ పని ప్రాకినది. నేడు కొయ్య కోయునది యంత్రము. అగ్గువదానికిని ఖరీదైనదానికిని కోత దాదాపు సమానమే. తేడా వచ్చుచోటు వేరు: మెట్ల కొసలు నునుపుచేయుట, తంతి ఎత్తు సరిచూచుట మొదలగు చేతిపని. వెల తగ్గించువారు మొట్టమొదట తగ్గించునది ఆ పనివాని గంటలనే. కావున చవక బేసును పరీక్షించువారు రంగును, మెరుగును చూచుట వృథా యని మా అభిప్రాయము.

మొదట విద్యుత్తుతో కలుపకయే చూడవలెను. వడ్రంగి పలకను చూచినట్లు ఒక కన్ను మూసి దండి పొడవునను చూచినచో మెలిక తెలియును. మెలిక దిరిగిన దండిని వదలివేయుటయే మంచిది. కొద్దిపాటి వంపు దోషము కాదు. నాలుగు తంతులు కలిసి దండిని డెబ్బది ఎనుబది కిలోల బలముతో లాగుచుండును, దానికి ఎదురు నిలుచుటకే లోపల ఇనుపచువ్వ యున్నది. తంతిని మొదటి మెట్టువద్దను, కడపటి మెట్టువద్దను ఒకేసారి నొక్కి, నడుమ పోస్టుకార్డు దూరునంత సందున్నదేమో చూడుడు. ఉన్నచో సరియే.

అన్నిటికంటె ముఖ్యమైనది పండ్రెండవ మెట్టు పరీక్ష. అది తంతికి సరిగా నడిమిభాగము. అచ్చట వ్రేలు తేలికగా ఆనించి మీటి తీసినచో ఒక స్వరము, గట్టిగా నొక్కి మీటినచో ఒక స్వరము వచ్చును. రెండును ఏకమై పలుకవలెను. నొక్కిన స్వరము హెచ్చుగా నున్నచో గుర్రమును వెనుకకు జరిపి సరిచేయవచ్చును. గుర్రము చివరిదాక జరిపినను కలియకున్నచో ఆ వాద్యమును ఎంత అగ్గువకు ఇచ్చినను తీసికొనరాదు. శ్రుతి తప్పిన వాద్యముతో అభ్యసించు పిల్లవాని చెవి చెడును; వాడు తనకే సంగీతము రాదనుకొని మానివేయును. పోయినది పదివేల రూపాయలు మాత్రమే కాదు.

మెట్ల కొసలు వ్రేళ్లకు గీరుకొనుచున్నవా యని చూడవలెను. మన వేసవి యెండకు కొయ్య కుదించుకొని, వానకాలమున నునుపుగా నున్న కొసలు పైకి పొడుచుకొని రావచ్చును. ఇది ఆకురాయితో తీరు బాధ, భయపడనక్కరలేదు. ప్రతి తంతిని ప్రతి మెట్టువద్దను మీటి, ఎచ్చటనైన జీర వచ్చుచున్నదేమో వినుడు.

అటుపిమ్మట ఆంప్లిఫయరు. తంతిని తాకగానే హోరు తగ్గుట సహజము. తాకినపుడు పెరిగినచో లోపలి భూతీగె అతుకును అనుమానింపవలెను. 1957 నుండి ప్రెసిషన్ బేసులో రెండు ముక్కలుగా చేసిన పికప్ హోరును చాలవరకు అణచును. అట్టి పికప్ చవక వాద్యములలోను దొరకును. ఇంకొక చిక్కు. అడుగుతంతి సెకనుకు 41 కంపనములతో పలుకును. ఇంటిలోని చిన్న రేడియో పెట్టెకు అంత లోతు స్వరము పలుకుట అసాధ్యము. అయినను సినిమా పాటలోని బేసు మనకు వినవచ్చుచున్నదనిన, పై అనుస్వరములు విని లేని అడుగుస్వరమును మన చెవియే పూరించుకొనుచున్నది. కావున చిన్న స్పీకరులో పలుచగా పలికెనని వాద్యమును నిందింపరాదు.

విద్యుద్వాద్యము మనది కాదని పెదవి విరచువారు పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ విద్యున్మాండలినుపై పలికించిన గమకములను ఒకసారి వినవలెను.

ఇప్పుడు అనేకులు బొమ్మ చూచి, ముట్టకయే తెప్పించుకొనుచున్నారు. అట్టివారు పెట్టె విప్పిననాడే, తిరిగి పంపు గడువు ముగియకముందే, పండ్రెండవ మెట్టు పరీక్ష చేసికొందురు గాక. కొనుటకు ఉంచిన సొమ్ములో కొంత మిగిల్చి, మంచి పనివానిచేత తంతుల ఎత్తు సరిచేయించినచో, అగ్గువ బేసు సగము దారి ముందుకు వచ్చును.