ఒక్క తప్పు మాట

రౌటర్లలో సాఫ్ట్‌వేర్ మార్చేముందు రిలీజ్ నోట్స్ చదవడం నా ఉద్యోగంలో భాగం. వాటి చివర్లో ఎప్పుడూ ఒక జాబితా ఉంటుంది: ఈ వెర్షన్లో పరిష్కారమైన బగ్గులు. ఒక నంబరు, పక్కన ఒక వాక్యం. ఫలానా రకం సందేశం వస్తే ఫలానా ప్రాసెస్ ఆగిపోవచ్చు, అంతే. ఎవరికి ఆగింది, ఎక్కడ, ఆ రాత్రి ఎవరికి నిద్ర లేదు, అవేమీ రాయరు. ఆ వాక్యాల వెనక కథలు వెతకడం నాకు అలవాటైంది. వాటిల్లో ఒకటి నన్ను తీసుకెళ్ళి మా తోట్లవల్లూరు కరకట్ట మీద నిలబెట్టింది.

ముందు ఊరి సంగతి చెప్తాను. మా తాతయ్యకీ, ఆయన పెదనాన్న కొడుక్కీ ఒకే బోదె కింద పొలాలు. నాకు ఊహ తెలిసేటప్పటికే రెండిళ్ళకీ మాటల్లేవు. నీళ్ళ వంతు దగ్గర ఎవరో ఒకరు మాట తూలారట. ఆ మాటేమిటో నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. దాంతోపాటు పెళ్ళి పిలుపులు పోయాయి, చేబదుళ్ళు పోయాయి, పిల్లలం కలిసి ఆడుకోవడం కూడా పోయింది. "మాట తప్పయితే ఆ మాట వదిలెయ్యాలిగానీ మనిషినెందుకురా వదిలెయ్యడం?" అనేది నాయనమ్మ.

ఇంటర్నెట్ కూడా పాతికేళ్ళపైన మా తాతయ్యలాగే బతికింది.

1989 జనవరిలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఒక సమావేశం జరిగింది. అక్కడ సిస్కోలో పనిచేసే కిర్క్ లాహీడ్, ఐబీఎంలో పనిచేసే యాకోవ్ రెక్టర్ భోజనం బల్ల దగ్గర కాగితపు నాప్కిన్ల మీద ఒక పద్ధతి గీశారు. అదే బీజీపీ, బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. ఇవాళ్టికీ వేల వేల నెట్‌వర్కులు దాని మీదే ఒకదాన్నొకటి కనుక్కుంటున్నాయి. పక్కపక్క రౌటర్లు "ఈ అడ్రసులకి నా మీదుగా దారి ఉంది" అని చెప్పుకుంటాయి. విన్న రౌటరు ఆ దారికి తన నెట్‌వర్క్ నంబరు కూడా తగిలించి అవతలి వాళ్ళకి చెప్తుంది.

ఇందులో ఒక కఠినమైన నియమం ఉండేది. పక్కవాడు చెప్పిన దాంట్లో ఒక్క సందేశం తప్పుగా ఉన్నా సంబంధం మొత్తం తెంచెయ్యాలి. అతను అంతకుముందు చెప్పిన దారులన్నీ, మంచివైనా సరే, మరిచిపోవాలి. తర్వాత మళ్ళీ కలుస్తారు. అదే తప్పు సందేశం మళ్ళీ వస్తుంది. మళ్ళీ తెగుతుంది.

2009 ఫిబ్రవరి 16న చెక్ దేశంలో ఒక చిన్న నెట్‌వర్క్ తన రెండో లైను చుట్టుదారి అని లోకానికి చెప్పాలనుకుంది. అందుకు తన నంబరునే దారిలో నాలుగైదుసార్లు రాసుకుంటే సరిపోతుంది. కొన్ని రౌటర్లలో అక్కడ నంబరు ఇవ్వాలి, వాళ్ళ దగ్గరున్న మైక్రోటిక్‌లో ఎన్నిసార్లో ఇవ్వాలి. అక్కడ తమ నెట్‌వర్క్ నంబరు, 47868, కొట్టారు. సాఫ్ట్‌వేర్ "ఇదేంటి" అని అడగలేదు. 256తో భాగించి మిగిలిన 252 తీసుకుని, అన్నిసార్లూ రాసి పంపింది. దారి పొడుగునా ఒక్కో నెట్‌వర్క్ తన నంబరు చేర్చుకుంటూ పోతే లెక్క 255 దాటింది. ఒక బైటులో పట్టే అతి పెద్ద అంకె అదే. అక్కడ పాత సిస్కో రౌటర్లు కొన్ని తడబడి చెడిన సందేశం పంపాయి. విన్న రౌటర్లు నియమం ప్రకారం సంబంధాలు తెంచుకున్నాయి. సుమారు గంటసేపు ఖండాలు దాటి ఇంటర్నెట్ ఊగిసలాడింది.

2010 ఆగస్టు 27న ఇంకొకటి. యూరప్‌లో అడ్రసులు పంచే సంస్థ రైప్ ఎన్‌సీసీ, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం కలిసి ఒక ప్రయోగం చేశాయి. ఎవరికీ తెలియని ఒక గుర్తు తగిలించి ఒక దారి ప్రకటించాయి. అది నియమాలకు లోబడిందే. అర్థం కాకపోతే చెక్కుచెదరకుండా పక్కకి అందించాలి. సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్ నడిచే రౌటర్లు దాన్ని చెడగొట్టి అందించాయి. పక్కవి తెంచుకున్నాయి. అరగంటలో ప్రయోగం ఆపేశారు, సిస్కో బగ్గు సరిచేసింది.

ఈ రెండు బగ్గులూ ఎప్పుడో సరయ్యాయి. నన్ను ఆపింది అది కాదు. రెండుసార్లూ తప్పు ఒకచోట పుట్టింది, దాన్ని నష్టంగా మార్చింది మాత్రం నియమం పాటించిన వాళ్ళే. అసలు బగ్గు ఆ నియమంలోనే ఉంది.

ఆ 2009లోనే, అక్టోబరులో, కృష్ణకి వరదొచ్చింది. ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. లంకలు మునిగాయి. కరకట్ట మీద ఒకే టార్పాలిన్ పట్టా కింద మా తాతయ్యా, ఆ పెద్దాయనా పక్కపక్కన రెండు రాత్రులున్నారు. గేదెల గురించి మాట్లాడుకున్నారు, అరటి తోట గురించి మాట్లాడుకున్నారు. పాత మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. దాన్నక్కడే వదిలేశారు.

ఇంటర్నెట్‌కి ఇంకో ఆరేళ్ళు పట్టింది. 2015 ఆగస్టులో ఎంకే చెన్, జాన్ స్కడర్, ప్రదోష్ మొహాపాత్ర, కేయూర్ పటేల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 7606 వచ్చింది. సారాంశం నాయనమ్మ మాటే: సందేశం బొత్తిగా చదవడానికి వీల్లేనంత చెడితే తప్ప, తప్పున్న ఆ ఒక్క దారినీ వదిలెయ్యి, సంబంధం నిలుపుకో. ఆ ఒక్క దారి పోతే పోతుంది. మిగతావి బతుకుతాయి.

కథ అక్కడితో అయిపోతే బావుండేది. 2023 జూన్‌లో బ్రెజిల్ నుంచి చెడిన గుర్తుతో ఒక దారి బయల్దేరింది. మళ్ళీ చోట్లచోట్ల సంబంధాలు తెగాయి. బెన్ కార్ట్‌రైట్ కాక్స్ అనే ఇంజనీరు రకరకాల రౌటర్లు పరీక్షించి చూస్తే, జూనిపర్‌లో ఆ సహనం ఉంది కానీ నిద్రపోతోంది. ఒక లైను రాసి మనమే లేపాలి. పరిష్కారం పుస్తకంలో ఉండటం వేరు, పెట్టెలో ఉండటం వేరు.

అది చదివిన వారమే మా రౌటర్లు చూశాను. ఆ లైను లేదు. అర్ధరాత్రి అనుమతి తీసుకుని ఒక్కొక్కదాంట్లో చేర్చాను. తెల్లారాక చూస్తే ఏమీ జరగలేదు. జరగకపోవడమే దాని పని.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఆ పెద్దాయన మనవడి పెళ్ళి శుభలేఖ మా గుమ్మానికి గుచ్చి ఉంది. తాతయ్య లేడు. నాయనమ్మ దాన్ని తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ముహూర్తం రెండుసార్లు చదివింది.