హైదరాబాదు పేటలూ, ఇంటి ప్రశ్నా

నిరుడు వేసవిలో మా ఇంటిగలాయన మెట్ల మీద నన్ను ఆపి, "సారూ, అబ్బాయి పెండ్లి కుదిరింది. రెండు నెలల్ల ఇల్లు చూసుకోండి" అన్నాడు. చిక్కడపల్లిలోని ఆ రెండు గదుల వాటాలో మేము పదకొండేళ్ళు కాపురమున్నాము. ఆయన చెడ్డవాడు కాడు. ఆయన కొడుక్కు ఇల్లు కావలసి వచ్చింది, అంతే. కాని ఆ రాత్రి నా భార్య అడిగిన ప్రశ్నకు నావద్ద జవాబు లేకపోయింది. "ఇప్పుడంటే మీకు ఉద్యోగముంది కనుక ఎవరో ఒకరు ఇల్లిస్తారు. అరవై దాటాక మనకు కిరాయికి ఎవరిస్తారండీ?"

ఆ మరునాటి నుంచి మిత్రులు సలహాలివ్వటం మొదలుపెట్టారు. అందరూ అన్నది ఒక్కటే: "మంచి ఏరియాలో కొను." చరిత్ర పాఠాలు చెప్పి బతికేవాణ్ణి గనుక నాకు ఒక సందేహం కలిగింది. ఒక పేట మంచిదనీ, మరొకటి చెడ్డదనీ నిర్ణయించిందెవరు? నేల తనంతట తాను మంచిది కాజాలదు గదా! ఇల్లు వెతుకుతూ తిరిగిన నాలుగు నెలల్లో ఈ ప్రశ్నను వెంటబెట్టుకుని తిరిగాను. అప్పుడు తెలుసుకున్నదీ, చేసిన నిర్ణయమూ పాఠకుల ముందుంచుతున్నాను.

1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణాన నగరం కట్టించాడు. రెండు శతాబ్దాలపాటు చార్మినారు చుట్టుపట్లే మంచి ఏరియా. ప్రభువుల దేవిడీలు అక్కడ, జవాహరీ దుకాణాలు అక్కడ, వాటిని నమ్ముకున్న నౌకర్లూ చేతిపనివాళ్ళూ ఆ సందుల్లోనే. 1798లో నిజాము ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్న తర్వాత నదికి ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో ఆ దండుకు సికిందరాబాదని పేరు వచ్చింది. కోఠీలో రెసిడెంటు భవనం లేచింది. దాని చుట్టూ ఏర్పడిన రెసిడెన్సీ బజారు నిజాము అధికారానికి వెలుపల, ఇంగ్లీషు వారి ఏలుబడిలో వుండేది. 1933లో గాని ఆ ప్రాంతం తిరిగి నిజాముకు దక్కలేదు.

నేటి సుల్తాన్‌బజారు అదే. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అక్కడ పుట్టటం కేవలం యాదృచ్ఛికం కాదు. సభ పెట్టటానికైనా, పత్రిక చదవటానికైనా నిజాము పోలీసుల నీడ పడని నాలుగు వీధులు తెలుగు చదువరులకు అవసరమైనాయి. పరాయి దొరతనపు పరిధి అనుకోకుండా వారికి ఆశ్రయమిచ్చింది. ఒక మధ్యతరగతి కుటుంబం ఆనాడు సుల్తాన్‌బజారులో ఇల్లు వెతుక్కున్నదంటే, గాలీ వెలుతురూ మాత్రమే చూసి వుండదు. మాట్లాడే స్వేచ్ఛను కూడా చూసి వుంటుంది. పేటను ఎన్నుకోవటంలో రాజకీయం వుండటం మనతో మొదలుకాలేదు.

తర్వాత 1908 సెప్టెంబరు 28 వచ్చింది. మూసీ వరదలో పదిహేను వేలమంది దాకా కొట్టుకుపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వున్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నది ఒడ్డునే ఇరుకు సందుల్లో కిక్కిరిసి బతికేది పేదలు గనుక చావులో అధికభాగం వారిదే అయింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన పథకం ప్రకారం 1920 నాటికి ఉస్మాన్‌సాగరు, 1927 నాటికి హిమాయత్‌సాగరు తయారైనాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది.

ఈ బోర్డును గురించి రెండు మాటలు చెప్పాలి. అది మురికి సందులను పడగొట్టి రోడ్లు వేసింది, పత్తర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాలు కట్టింది, నాంపల్లి, మలక్‌పేట వంటి చోట్ల వరుస ఇళ్ళు కట్టి కిరాయికిచ్చింది. ఇది ప్రభువు దయవల్ల జరిగిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. నిజానికి వరదా, ప్లేగూ గొప్పవాడి గుమ్మం కూడా తొక్కుతాయన్న భయం అందులో తక్కువేమీ కాదు. అయినా ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. భూస్వామ్య ప్రభుత్వమైనప్పటికీ, నగరంలో మనిషి తల దాచుకునే చోటు చూపటం సర్కారు పని అని అది అంగీకరించింది.

అదే సమయంలో వున్నవాళ్ళు ఎత్తు ప్రదేశాల దారి పట్టారు. ఏడవ నిజాము కాపురమే పాతబస్తీలో కాక కింగ్‌కోఠీలో. 1930 దశకంలో మెహదీ నవాజ్ జంగు రాతిగుట్టల మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆ గుట్టలను ఆశ్రయించుకున్న బంజారాల పేరు మాత్రం ఆ పేటకు మిగిలింది, బంజారాలు మిగలలేదు. దేశంలోకెల్లా ఖరీదైన పేటల్లో ఒకటి తాను వెళ్ళగొట్టినవాళ్ళ పేరుతో చలామణీ అవుతున్నది!

1956లో రాష్ట్రం ఏర్పడింది. 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు వచ్చింది. పాత నగరాభివృద్ధి బోర్డుకు ఒక విధంగా వారసురాలది. బాగ్‌లింగంపల్లి, సంజీవరెడ్డినగర్, వెంగళరావునగర్, తర్వాత కూకట్‌పల్లి కాలనీ దాని చేతి నిర్మాణాలే. ఆ రోజుల్లోనే బి.హెచ్.ఇ.ఎల్., ఐ.డి.పి.ఎల్. వంటి ప్రభుత్వ కర్మాగారాలు తమ కార్మికులకు క్వార్టర్లు కట్టించాయి. ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అని ఆదాయాన్ని బట్టి మనిషికి పొడి అక్షరాలు తగిలించారన్నది నిజమే; మన వర్గ సమాజాన్ని అంత నిజాయితీగా గోడ మీద రాసిన సంస్థ మరొకటి లేదేమో! కాని బాగ్‌లింగంపల్లిలో ఆ మూడు రకాల ఇళ్ళూ ఒకే పార్కు చుట్టుపక్కల వున్నాయి. గుమాస్తా పిల్లవాడూ, ఇంజనీరు పిల్లవాడూ ఒక్కచోట బంతాడిన పేటలు అవి.

లోపమెక్కడంటే, బోర్డు ఆ ఇళ్ళను కిరాయికి వుంచక అమ్మివేసింది. వాయిదాలు తీరగానే ఇల్లు సొంతమైంది. సొంతమైన ఇల్లు మూడవ చేతికీ, నాలుగవ చేతికీ మారి, ఎల్.ఐ.జి. ఇంటిని అల్పాదాయం కలవాడు కొనలేని రోజు వచ్చింది. ప్రజల సొమ్ముతో లేచిన పేట ఒక్క తరం తిరిగేసరికి బజారు సరుకైంది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1976 పట్టణ భూపరిమితి చట్టం ప్రకారం హైదరాబాదులో ఒక కుటుంబం వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం వుంచుకోరాదు. మినహాయింపుల తూట్ల గుండా ఆ చట్టం చాలావరకు కారిపోయింది. కేంద్రం 1999లో దాన్ని రద్దు చేసింది. మన రాష్ట్రం ఆ రద్దును 2008లో స్వీకరించింది. 1977లో హెచ్.డి.ఎఫ్.సి. ప్రారంభంతో ఇంటికోసం అప్పివ్వటమే పనిగా పెట్టుకున్న సంస్థలు బయలుదేరాయి. 1998లో మాదాపురంలో సైబర్ టవర్సు తెరిచారు. మంచి ఏరియా పడమటికి నడిచింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ సంస్థే భూమిని వేలం వేస్తే ఎకరం నూరు కోట్ల రూపాయలు దాటింది. 1912లో సర్కారు నేలను ఇళ్ళకోసం సేకరించింది. 2023లో సర్కారే నేలను ఎవరెక్కువ పాడితే వారికిచ్చింది. ఈ నూటపదేళ్ళలో జరిగిన మార్పు ఇదీ.

ఈ మార్పు నా జేబులోకి ఎలా వచ్చిందో చూడండి. నలభై లక్షల అప్పు, నూటికి ఎనిమిదిన్నర వడ్డీ, పదిహేనేళ్ళ గడువు. నెలకు సుమారు 39,400 రూపాయలు. పదిహేనేళ్ళలో కట్టేది దాదాపు 71 లక్షలు. అంటే నాకొక ఇల్లూ, అప్పిచ్చినవాడికి ముప్పాతిక ఇల్లూ నేనే కట్టిపెడుతున్నానన్నమాట. మేమిచ్చే కిరాయి పద్నాలుగు వేలు. లెక్క ప్రకారమైతే కిరాయిలోనే వుండటం తెలివి. కాని రేపు మెట్ల మీద ఎవరూ ఆపరన్న భరోసాకు లెక్కలో గడి లేదు.

నగరం అంచున ఒక కొత్త కాలనీలో అపార్టుమెంటు చూడబోయాము. ధర మాకు అందుబాటులో వుంది. కాగితాలన్నీ సక్రమమేనని అమ్మకందారు మనిషి చెప్పాడు. నేను బయట నిలుచుంటే, మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి అడిగాడు. "కొంటరా సారూ? ఇది చెరువు. గీ తూము కింద మా నాయిన రెండెకరాలు వరి ఏసేటోడు. తూము మీదనే మీ లిఫ్టు కడుతున్రు." అది శిఖం భూమి. 2020 అక్టోబరు వానల్లో నగరంలో వందలాది కాలనీలు నీట మునగటానికి కారణం ఆకాశం ఒక్కటే కాదు; నీరు తన పాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. 1908లో పేదలు నది ఒడ్డున వున్నారు గనుక మునిగారు. 2020లో మధ్యతరగతివాళ్ళు, జీవితకాలపు పొదుపు పోసి, చెరువు కడుపులో ఇల్లు కొనుక్కుని మునిగారు. చవక ఇల్లు ఎందుకు చవకో చరిత్ర చెబుతుంది, అమ్మేవాడు చెప్పడు.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఎంగెల్సును గుర్తు చేస్తారు. 1872లో ఆయన లైప్‌జిగ్ పత్రికలో ఇళ్ళ సమస్యపై వ్యాసాలు రాస్తూ, కార్మికుణ్ణి చిన్న ఇంటికి యజమానిని చేస్తే సమస్య తీరుతుందన్న వాదాన్ని ఖండించాడు. సొంత ఇల్లు కార్మికుణ్ణి ఒకచోట కట్టివేస్తుంది, పని వదిలి కదలలేని వాడి జీతం తగ్గించటం యజమానికి సులువు అన్నాడు. మురికిపేటను ఒకచోట తుడిచేస్తే మరొకచోట పుడుతుందని కూడా అన్నాడు. మూసీ ఒడ్డు నుంచి బంజారా గుట్టల దాకా మన నగరం ఆ మాటకు సాక్ష్యమిస్తూనే వుంది.

అయితే ఎంగెల్సును కిరాయి ఇంటికి ప్రశంసాపత్రంగా వాడుకోరాదు. కిరాయి ఇల్లు కూడా ఒకరి ఆస్తే. ఆ నాలుగు నెలల్లో నేనెక్కిన గుమ్మాల్లో ఎన్నోచోట్ల మొదటి ప్రశ్న మా ఇంటిపేరు. దానితో కులం తేలకపోతే రెండవ ప్రశ్న, మాంసం తింటారా అని. నాతో వచ్చిన ముస్లిం సహోద్యోగి పేరు చెప్పగానే ఒకచోట ఇల్లు అప్పటికప్పుడే "ఇచ్చేశాం" అయింది. బోర్డు మాత్రం వారం తర్వాత కూడా గేటుకు వేలాడుతూనే వున్నది. దళితుడికీ, ముస్లిముకూ, ఒంటరి స్త్రీకీ సొంత ఇల్లు అవమానం నుంచి తప్పించుకునే తలుపు. దాన్ని ఆస్తివ్యామోహమని తీసిపారేసే మిత్రుడు ఎన్నడూ ఇంటిపేరు చెప్పుకోవలసిన అవసరం రానివాడై వుండాలి.

కొనటమూ, కిరాయికుండటమూ తప్ప మూడవ దారి లేదా? వుండేది. వియన్నాలో 1919 నుంచి 1934 దాకా సోషల్ డెమోక్రాట్ల నగరపాలక సంఘం సంపన్నుల ఇళ్ళ మీద హెచ్చు పన్ను వేసి, అరవైవేలకు పైగా ఇళ్ళు కట్టి కిరాయికిచ్చింది. ఒక్క కార్ల్ మార్క్స్ భవనంలోనే 1,382 ఇళ్ళు. 1934 ఫిబ్రవరిలో ప్రభుత్వ సైన్యం వాటి మీద ఫిరంగులు పేల్చింది. అయినా ఆ ఇళ్ళు నిలిచాయి. వియన్నావారు ఇళ్ళను అమ్మలేదు. మన బోర్డు అమ్మింది. తేడా అక్కడుంది.

చివరికి మేము కొన్నాము. బాగ్‌లింగంపల్లిలో బోర్డు కట్టిన పాత ఎల్.ఐ.జి. ఇల్లు, రెండవ అంతస్తు. గోడలకు చెమ్మ వుంది. పార్కూ, గ్రంథాలయమూ, బస్సూ నడక దూరంలో వున్నాయి. అప్పు పోగా మిగిలింది భవిష్యనిధి నుంచి తీశాను. అందరి సొమ్ముతో లేచిన ఇంటిని నేను నా సొంతం చేసుకున్నానని తెలిసే కొన్నాను.

కొన్న ఆరునెలలకు ఒక మిత్రుడు వచ్చి, "మీ పక్క బ్లాకులో ఇల్లు మీకంటె ఎనిమిది లక్షలు ఎక్కువకు పోయిందట, అదృష్టవంతులు" అన్నాడు. నాకు సంతోషం కలిగింది. కలిగిందని దాచను. ఆ సాయంత్రమే కింది వాటాలో కిరాయికున్న నర్సమ్మ, ఇంటివాళ్ళు రెండువేలు పెంచమంటున్నారనీ, ఇక ఉప్పల్ అవతల చూసుకోవాలేమోననీ మా ఆవిడతో చెప్పుకుంటున్నది. నా సంతోషమూ, ఆమె దిగులూ ఒకే వార్త.

అప్పు పుస్తకంతోపాటు ఈ మనస్సు కూడా మనకు వచ్చి చేరుతున్నది. ఉపాధ్యాయ సంఘ సభల్లో ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. ఇంటద్దె భత్యం శాతం గురించి గంటలకొద్దీ వాదించాము. ప్రభుత్వం కిరాయి ఇళ్ళు కట్టాలని, కట్టినవాటిని అమ్మరాదని, చెరువు శిఖాన్ని చెరువుకే వదలాలని ఒక్క తీర్మానమైనా నేనూ ప్రతిపాదించలేదు. అప్పుడు నాకు ఇల్లు లేదు గనుక తీరిక లేదనుకున్నాను. ఇప్పుడు ఇల్లుంది. వచ్చే మహాసభకు ఆ తీర్మానం రాసి పెట్టుకున్నాను. సొంత ఇల్లు వున్నవాళ్ళు దాన్ని బలపరుస్తారా లేదా అన్నదే నేను చూడదలచుకున్నది. మొదట నన్ను నేను చూసుకోవాలి.