కోట చదువుల పాలైన వేళ

ఒకప్పుడు రాజపరివారం నడిచిన విజయనగరం కోట వాకిట్లోంచి ఇప్పుడు విద్యార్థులు పుస్తకాల సంచులతో లోపలికి వెళతారు. 1713లో విజయదశమినాడు పునాది పడిన కోట ఇది.

చదువుకు దానం విజయనగరాన్ని ఏలిన పూసపాటివారికి కొత్త కాదు. 1857లో మొదలైన వారి బడి 1879లో కళాశాల అయింది. గురజాడ అప్పారావు అక్కడే చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు. 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అయితే అవన్నీ రాజుగారి ఖజానా చలవతో నడిచినవి.

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. చదువుకు ఆసరా వ్యక్తి కాక వ్యవస్థ కావలసి వచ్చింది. 1958లో ఆ వంశానికి చెందిన పి.వి.జి. రాజు తన తండ్రి అలక నారాయణ గజపతి పేర మాన్సాస్ ట్రస్టు స్థాపించి, కోటను, భూములను విద్యకు అప్పగించారు.

ఇలాంటి వ్యవస్థలకు పన్ను చట్టమూ తోడుంది. ధర్మకార్యాలకు వాడే ఆస్తి రాబడికి 1886 నాటి ఆదాయపు పన్ను చట్టమే మినహాయింపు ఇచ్చింది. 1961 చట్టంలో క్రమంగా షరతులు చేరాయి: రిజిస్ట్రేషన్, లెక్కల ఆడిట్, రాబడిలో 85 శాతం ఆశయానికే ఖర్చు.

ఇవాళ శ్రీకాకుళంలో గ్రంథాలయం కోసం సొసైటీ పెట్టాలన్నా నలుగురు చాలరు. ఏడుగురు సంతకాలు చేయాలి. నియమావళి రాసుకుని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. పన్ను మినహాయింపు దరఖాస్తు ఆ తర్వాతే.