వాడి పారేసే కన్ను

కిడ్నీలో రాయి ఉందని పెద్దాస్పత్రికి వెళ్తే ఇప్పుడు తరచుగా చెవినపడే మాట ఆర్‌ఐఆర్‌ఎస్. కోత ఉండదు. మూత్రం వచ్చే దారినే సన్నటి వంగే గొట్టాన్ని కిడ్నీ దాకా పంపి, లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. ఆ గొట్టమే స్కోపు. కడిగి మళ్లీ వాడేది మేలా, యూజ్ అండ్ త్రో మేలా అన్న తగువు పదేళ్లుగా నడుస్తోంది. అసలు ఈ పరికరం పుట్టిన నాటి నుంచీ అందులో ఏదో ఒకటి పారేస్తూనే ఉన్నారు.

మొదట పారేసింది కొవ్వొత్తి ముక్క. 1806 ప్రాంతంలో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫిలిప్ బొజ్జిని ఒంటి లోపలికి చూడ్డానికి షార్కు చర్మం తొడిగిన కూజాలాంటి పెట్టె చేశాడు. లోపల మైనపు కొవ్వొత్తి, వెనక అద్దం, ముందు గొట్టం. వియన్నా వైద్య పెద్దలు దాన్ని తోసిపుచ్చారు. 1809లో టైఫస్ సోకి 35 ఏళ్లకే పోయాడాయన. 1853లో పారిస్‌లో దెసార్మో సారాయి, టర్పెంటైన్ కలిపి మండించే దీపం పెట్టాడు. ఇక 1877లో జర్మనీలో మాక్స్ నిట్జె చేసింది చూడండి: ప్లాటినం తీగను తెల్లగా కాల్చి మూత్రాశయంలోకే పంపడం, కాలకుండా దాని చుట్టూ చన్నీళ్లు పారించడం! ఎడిసన్ బల్బు వచ్చాకే ఆ తిప్పలు తప్పాయి. ఆపైన పారేసేది మాడిన బల్బు.

ఇవన్నీ వంగని లోహపు గొట్టాలు. వంపు తెచ్చింది గాజు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో తన గురువు హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, వెంట్రుకల్లాంటి గాజు పోగుల కట్ట వంగినా బొమ్మను ఈ చివర నుంచి ఆ చివరకు మోస్తుందని 1954లో చూపించాడు. 1960లలో అలాంటి స్కోపు మూత్రనాళంలోకి వెళ్లింది. కొసను పాము తలలా అటూ ఇటూ తిప్పే వీలు 1980లలో కుదిరాక కిడ్నీ మూలలన్నీ అందుబాటులోకొచ్చాయి.

ఖర్చు కథ మొదలైంది అక్కడే. స్కోపు లావు దాదాపు 3 మిల్లీమీటర్లు. అందులోనే చూపు, వెలుతురు, కొసను తిప్పే తీగలు, లేజర్ దూరే సందు. కిడ్నీ అడుగు గిన్నెలో నక్కిన రాయి కోసం దాన్ని గట్టిగా వంచాలి. లేజర్ తీగ కొస బయటికి రాకముందే పెడల్ నొక్కారా, స్కోపుకు లోపలే చిల్లు. అందుకే కడిగే గదిలో రోజూ ఒక పరీక్ష ఉంటుంది. స్కోపులోకి గాలి కొట్టి నీళ్లలో ముంచుతారు. బుడగలొస్తే రిపేరుకు. సైకిల్ షాపులో ట్యూబు పంక్చర్ వెతికే పద్ధతే! కాకపోతే ఈ పంక్చర్ బిల్లు లక్షల్లో ఉంటుంది.

సెల్‌ఫోన్లలో చేరిన కెమెరా చిప్ చవకై, చిన్నదయ్యేసరికి కన్ను కూడా పారేసే వస్తువైంది. బోస్టన్ సైంటిఫిక్ కంపెనీ యూజ్ అండ్ త్రో స్కోపు ‘లిథోవ్యూ’ 2016లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో ఒక్కోటి సుమారు 1,500 డాలర్లు. మరుసటేడు అక్కడే వెలువడిన ఒక లెక్క ప్రకారం 99 కేసులు దాటే ఆస్పత్రికి కడిగి వాడేదే లాభం. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2018లో కడిగేవాళ్ల జీతాలు, ఆపరేషన్ థియేటర్ నిమిషాలు కూడా కలిపి చూస్తే కేసుకు కడిగి వాడేది 2,800 డాలర్లు, పారేసేది 2,852. ఆ 52 డాలర్ల కోసమా ఇంత తగువు అనిపిస్తుంది. నన్నడిగితే తేడా స్కోపు ధరలో కంటే దాన్ని పట్టుకునే చేతుల్లో ఎక్కువ ఉంది. నేర్చుకుంటున్న డాక్టర్లు ఎక్కువున్న చోట రిపేర్లూ ఎక్కువే.

ఇన్‌ఫెక్షన్ పద్దు వేరు. మూత్రమార్గపు స్కోపులు సరిగా శుద్ధి కాక వచ్చిన ఇబ్బందులపై నాలుగేళ్లలో 450కి పైగా ఫిర్యాదులు అందాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది.

యూజ్ అండ్ త్రో స్కోపు పెట్టె మీద గుండ్రటి గీతలో 2 అంకె, దానికి అడ్డంగా కొట్టివేత ఉంటాయి. రెండోసారి వాడొద్దని. రీఫిల్ మార్చుకుని పెన్నును ఏళ్ల తరబడి వాడే మన దేశంలో కొన్నిచోట్ల ఆ స్కోపునే శుద్ధి చేసి మరో ఇద్దరు ముగ్గురికి వాడుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో లెక్కలో ఆ గడి లేదు.