గురువప్ప వితంతువు

భాషాప్రవీణకు చదివే రోజుల్లో ఆనందరంగరాట్ఛందము చేత పట్టినప్పుడల్లా నాకొక సందేహం కలిగేది. పుదుచ్చేరిలో పరాసుల కొలువు చేసిన తమిళ వర్తకుడి పేర తెలుగు ఛందోగ్రంథమేమిటని! కస్తూరి రంగకవి చేత కృతి పుచ్చుకున్న ఆ ఆనందరంగ పిళ్ళె కుటుంబకథ తరచి చూడబోతే, లక్షణానికి సంబంధం లేని మరొక విషయం నా మనసును పట్టుకున్నది. అదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

పిళ్ళె తండ్రి తిరువేంగడానికి బావ వరుస నైనియప్ప. 1708 నుండి ఆయన ఫ్రెంచి కంపెనీకి ప్రధాన దుబాసీ. 1716 ఫిబ్రవరిలో గవర్నరు ఎబేర్ ఆయనను చెరలో పెట్టించాడు. మోపిన నేరం ప్రజాపీడనం, రాజద్రోహం. హిందువుకు అంతటి పదవి జెసూట్ ఫాదరీలకు మొదటినుండీ కంటగింపే. విచారణ పత్రాలు ఫ్రెంచిలో ఉన్నవి. నైనియప్పకు ఫ్రెంచి రాదు. భాషాంతరం చేసినవాడు ఆ ఫాదరీల ఉపదేశి కొడుకు మాన్యుయేల్. ఇక తీర్పు సంగతి చెప్పనక్కరలేదు: బజారులో యాభై కొరడా దెబ్బలు, మూడేళ్ళ చెర, ఆస్తి జప్తు, అటుపైన దేశబహిష్కారం. 1717లో ఆయన చెరసాలలోనే కన్నుమూశాడు.

పెద్దకొడుకు గురువప్ప ఊరుకోలేదు, ఓడ ఎక్కి పారిసు వెళ్ళాడు. అక్కడ క్రైస్తవం పుచ్చుకున్నాడు. రాజ్యమేలుతున్న ఓర్లెయాన్ ప్రభువే జ్ఞానపిత అయినాడు. షెవాలియే బిరుదమూ దక్కింది. తండ్రికి పడిన శిక్షను రాజసభ కొట్టివేసింది. 1722లో తిరిగివచ్చి తండ్రి కూర్చున్న పీఠం మీదనే కూర్చున్నాడు. కాని రెండేళ్ళకే, 1724లో, పోయాడు. బిడ్డలు లేరు.

ఇక్కడిదాకా మగవారి కథ. చరిత్రకారులలో చాలామంది ఇక్కడే కలం దించేస్తారు. నాకు మాత్రం ఆ ఇంట మిగిలిన స్త్రీ గతి ఏమైనదన్నదే ప్రశ్న.

భర్తతోపాటు ఆమె కూడా మతం మారింది. మారిన కోడలికి హిందూ బంధువుల పంక్తిలో చోటు లేదు. కొడుకు ఉంటే ఆ పేరిట ఏదో ఆధారం ఉండేది, అదీ లేకపోయె. పదవి భర్తతోనే పోయింది. ఆమె దిక్కు తోచక ఏడుస్తూ కూర్చోలేదు. భర్త పారిసులో సంపాదించిన పరిచయాలు ఉన్నవి గదా! అక్కడి మిషనరీ సంఘం పెద్దలకు జాబులు రాయించింది. కంపెనీవారితో చెప్పి తనకు భరణం ఇప్పించవలసిందని అడిగింది. జెసూట్లకూ ఈ సంఘంవారికీ పొత్తు కుదరదు. మామగారి కేసులో వీరు ఆ కుటుంబం పక్షాన నిలిచినవారే. ఎవరిని అడగాలో ఆమెకు బాగా తెలుసునన్నమాట. బిచ్చమెత్తే గొంతు కాదది, హక్కు గుర్తుచేసే గొంతు అని నా అభిప్రాయం.

ఆ పత్రాలలో ఆమె పేరు ‘గురువప్ప వితంతువు’. అంతే. మామగారి నామం, మగని నామం, జ్ఞానపిత బిరుదనామం కూడా దాచిన కాగితాలవి.

గురువప్ప తరువాత పదవి కనకరాయ ముదలికి వెళ్ళింది. ఆయన పుట్టు క్రైస్తవుడు, అరియాంకుప్పంలో గుడి కట్టించినవాడు. 1746 ఫిబ్రవరిలో ఆయనా పోయాడు. కొడుకు అప్పటికే చనిపోయాడు. ఇంట భార్య, విధవ కోడలు. ఆస్తికోసం తమ్ముడు చిన్న ముదలి తగవు పెట్టాడు. డూప్లే ఆ వ్యవహారాన్ని కులపెద్దలకు అప్పగించాడు. ఇరుపక్షాలూ క్రైస్తవులే అయినా తీర్పు దేశాచారం ప్రకారమే వచ్చింది: ఆస్తి తమ్ముడికి, ఆడవారికి మనోవర్తి. గురువప్ప వితంతువును బంధువులకు దూరం చేసిన మతం, ఈ అత్తాకోడళ్ళ పాలిట వారసత్వం దగ్గరకు వచ్చేసరికి లెక్కలోకి రాకుండా పోయింది చూడండి.

ఈ తగవు వివరాలను తన దినచర్యలో రాసి ఉంచినవాడు ఆనందరంగ పిళ్ళె. కనకరాయ ముదలి పదవి తరువాత దక్కినదీ ఆయనకే.