తీర్మానం: తేల్చి చెప్పిన మాట

‘తీరు’ అంటే ముగియడం, పరిష్కారం కావడం. బాకీ తీరుతుంది, తగవు తీరుతుంది. తగవు తీర్చి చెప్పేది తీర్పు. తీర్మానమూ ఈ కుదురులోదే. పార్టీ సభలో ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, సభ ఆమోదిస్తుంది. తెలుగుదేశం మహానాడులో పార్టీ వైఖరి బయటికొచ్చేది ఈ రూపంలోనే. 2022 అక్టోబర్ 5న తెలంగాణ రాష్ట్ర సమితి భారత రాష్ట్ర సమితిగా మారాలని నిర్ణయించుకున్నదీ సర్వసభ్య సమావేశ తీర్మానంతోనే.

తీర్మానాలు కాగితానికే పరిమితమని చాలామంది అంటారు. వాటికి సాధారణంగా చట్టబలం ఉండదన్నది నిజమే. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానించినా, మరుసటి నెలలోనే పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించింది. శాసనసభ మాటకే ఆ గతి పడితే పార్టీ తీర్మానం విలువెంత? దాని విలువ జవాబుదారీలో ఉంది. వేదిక మీది ప్రసంగాన్ని నాయకుడు రేపు సవరించుకోగలడు. సభ ఆమోదించిన వాక్యం తేదీతో సహా నిలిచిపోతుంది. వైఖరి మారిస్తే కారణం చెప్పుకోక తప్పదు. తీర్మానంతో తీరేది పార్టీ లోపలి చర్చ మాత్రమే. సమస్య అలాగే ఉంటుంది. అందుకే కార్యకర్తలు, ఓటర్లు ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకుని, పార్టీ అధికారంలోకి వచ్చాక దాన్ని పట్టుకునే నిలదీయాలి.